మా మామ విమానానికి మా యమ్మ నీళ్లు పోసిన రోజు

పోయిన నెలలో కడపలో విమానం ఎక్కాల్సిన పని పడింది. చిన్న విమానం, రెక్కకొక ఫ్యాను తిరిగే రకం. నాకు కిటికీ పక్క సీటు దొరికింది. బయట రెక్క, రెక్క కింద ఇంజను. పొగగొట్టం మూతి దగ్గర మొదలై, తెల్లటి రేకు మీద నల్లటి మసిచార ఒకటి వెనక్కి పాకి ఉంది. పక్క సీటాయన నా భుజం మీదుగా తొంగిచూసి, "ఏం మేడం, ఇంత పెద్ద విమానం పెట్టుకొని కడుక్కునేకి చేతగాదా వీళ్లకు?" అన్నాడు. "కడగొద్దండీ!" అన్నాను నేను. ఎంత గట్టిగా అన్నానంటే ఆయన ఉలిక్కిపడి, బిగించుకున్న బెల్టునే మళ్లీ బిగించుకున్నాడు. అంతలో ఫ్యాన్లు తిరగడం మొదలైంది. ఆ చప్పుడులో ఏం చెప్పినా ఆయనకు వినపడదు. దిగినాక ఆయన నా వైపు చూడకుండా గబగబా వెళ్లిపోయినాడు. ఆయనకు చెప్పలేకపోయినది ఇక్కడ చెబుతాను.

ఎర్రగుంట్లలో ఇల్లుండడమంటే దుమ్ముతో కాపురం చెయ్యడం. మా నాయన అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. లారీ పోతే దుమ్ము, గాలి కొడితే దుమ్ము. పిండి మాదిరి మెత్తగా, బూడిదరంగులో ఉంటుంది. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. చుట్టుపక్కల వాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ దుమ్ముతో రాజీపడినారు. మా యమ్మ పడలేదు. ఆమె భుజం మీద ఎప్పుడూ ఒక తడిగుడ్డ ఉండేది. కిటికీ ఊచలు, క్యాలెండరులో దేవుళ్ల మొగాలు, కరివేపాకు చెట్టు కింది కొమ్మల ఆకులు, మా నాయన సైకిలు చువ్వలు, అన్నీ ఒక్కొక్కటే తుడిచేది. చుట్టాలొస్తే వాళ్లు లోపల కాఫీ తాగుతున్నప్పుడు బయట వాళ్ల చెప్పులు తుడిచి జతలుగా పెట్టేది. "మీ యమ్మ ముందర కదలకుండా కూర్చోగూడదు పాపా, తుడిచేస్తాది" అని మా మేనత్త అనేది. ఆ మాట మా యమ్మ విన్నా నొచ్చుకునేది కాదు. మెచ్చుకోలు కిందే లెక్కేసుకునేది.

మామ మా యమ్మకు తమ్ముడు. ఆలూరు పక్కన వానకు మొగం వాచిన ఒక పల్లె వాళ్లది. మా అవ్వ తొందరగా పోవడంతో ఆయన్ను మా యమ్మే చంకనేసుకొని పెంచింది. అప్పటికి ఆమే ఒకరి చంకలో ఉండాల్సిన వయసు. ఆ పల్లె నుంచి మామ విమానాల దగ్గరికి ఎట్లా చేరినాడో చెప్పాలంటే ఇంకో కథవుతుంది. యాడో ఉత్తరాన, సరుకులు మోసే విమానాల ఇంజన్లు బాగుచేసే కొలువు ఆయనది. రిటైరైనాక కొన్నాళ్లకు అత్త పోయింది. పిల్లల్లేరు. ఇక్కడ మా నాయన కూడా అప్పటికే లేడు. దాంతో ఒకరోజు ట్రంకుపెట్టెతో ఎర్రగుంట్ల స్టేషన్లో దిగి, అక్క ఇంటి మిద్దె మీద గదిలో చేరినాడు. నేను కడపలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు వాళ్లను చూసిపోయేదాన్ని. నేను పోయేసరికి ఇద్దరూ ఏదో ఒకదానికి కొట్లాడుకుంటూ ఉండేవాళ్లు. అందులో ముఖ్యమైనది చారు గిన్నె.

మామను మా ఇంట్లో కాగే చారు దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. నాకు తెలివొచ్చినప్పటి నుంచీ అంతే. ఆయన కుడిచేయి మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం ముడుచుకొని, నున్నగా మెరుస్తూ ఉండేది. కొలువులో చేరిన కొత్తల్లో మెస్సులో కాగే చారు మీద ఒలికి కాలిందని చెప్పినాడు. ఆ వంటవాని మొగం మా యమ్మ చూసి ఎరగదు. అయినా చారుకు తిరగమోత పెట్టినప్పుడల్లా "వాని చేతులు పడిపోను" అని తిట్టేది. ఇంగువతో పాటు ఆ తిట్టు కూడా పడితేనే మా ఇంట్లో చారు అయినట్టు. మేం పిల్లలం ఆమె కంటే ముందే ఆ తిట్టు తిట్టి నవ్వుకునేవాళ్లం. సెలవులకొచ్చిన మామ కూడా మాతో నవ్వేవాడు.

మిద్దె మీద గదిలో ఆయన విమానాలు చేసేవాడు. పోస్టులో అట్టపెట్టె వచ్చేది. అందులో చట్రాలకు అతుక్కున్న గోరంత, వేలంత ప్లాస్టిక్ ముక్కలు ఉండేవి. వాటిని కోసి, అరగదీసి, అతికించి, రంగువేసి నిజం విమానాన్ని మూరెడు పొడుగుకు తెచ్చేవాడు. ఆ గదిలోకి చీపురు రాగూడదని మా యమ్మకు గట్టి ఆజ్ఞ. ఆమె వాకిట్లో నిలబడి లోపలి బల్లను చూసి, ఆకలైన మనిషి మిఠాయి అంగడిని చూసినట్టు చూసి, నిట్టూర్చి దిగిపోయేది.

నేను చెప్పబోయే విమానం ఒక ఎండాకాలంలో తయారైంది. తెల్లటి ఒళ్లు, పక్కల నీలం పట్టె, రెండు ఇంజన్లు, గుండ్రటి ముక్కు. పెండ్లికొడుకు మాదిరి మెరిసిపోతూ ఉంటే, "అయిపోయింది గదా మామా, శానా బాగుంది" అన్నాను. "ఇంగా బొమ్మే పాపా ఇది. ఇప్పుడు గదా పని మొదలయ్యేది" అన్నాడు. అప్పటి నుంచీ, అంత కష్టపడి కొత్తగా చేసినదాన్ని పాతది చెయ్యడానికి కూర్చున్నాడు. రేకుల అతుకుల గీతల్లోకి పల్చటి నల్లరంగు పారించి, పైపైన తుడిచి, గీతల్లో మాత్రం నిలిపినాడు. మనుషులు రెక్క మీదికి ఎక్కే చోట స్పాంజి ముక్కతో వెండిరంగు అద్దితే, బూట్ల రాపిడికి రంగు లేచిపోయినట్టే వచ్చింది. ప్లాస్టిక్ కడ్డీని దీపం మీద వెచ్చచేసి లాగితే వెంట్రుకంత సన్నగా సాగింది. దాన్ని వీపు మీది నుంచి తోక దాకా రేడియో తీగ మాదిరి అతికించినాడు. నల్ల సుద్దముక్కల్ని ఉప్పుకాగితం మీద అరగదీసి, ఆ పొడిని కుంచెతో ఇంజన్ల వెనక మసి మాదిరి పట్టించినాడు. చక్రాలకు మట్టి పూసినాడు. ఆ మట్టి రంగు కోసం ఊరి చుట్టూ తిరిగి, మూడుచోట్ల మన్ను తెచ్చి కలిపినాడు. "ఊరికే పూస్తే మురికి గాదు పాపా. నూనె కిందికి కారతాది, మసి గాలితో వెనక్కి పోతాది. అది ఎట్ల పోయిందో తెలిసి పూయల్ల" అనేవాడు. ఒక చార నచ్చక, తుడిచి మళ్లీ వేసి మళ్లీ తుడిచి, వారం గడిపిన సందర్భం కూడా నేను చూసినాను.

అంతా అయినాక పైన వార్నీషు పూత ఒకటి పడాలి. అది పడితే ఇంక దేన్నీ కదిలించలేం. ఆ పూతకు గాలిలో దుమ్ము లేని రోజు కావాలి. ఎర్రగుంట్లలో ఆయన ఆ రోజు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఆ విమానం నందికొట్కూరులో టీచరుగా పనిచేసే ఒకామె కోసం. ఆమె నాయన, మామ ఒకే చోట, ఒకే విమానం దగ్గర పనిచేసినారు. ఆమె చంటిబిడ్డగా ఉన్నప్పుడే ఆయన పోయినాడు. మాకు అంతవరకే తెలుసు. ఎట్లా పోయినాడని మేము అడగలేదు, మామ చెప్పలేదు. ఏదో పెండ్లిలో కనపడి, "మా నాయన పనిచేసిన విమానం ఎట్లుండేదో ఒక్కసారి చూడాలనుంది చిన్నాయనా, ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు" అందట. మామ ఇంటికొచ్చి మరుసటి రోజే ఆ విమానం ముక్కల అట్టపెట్టె పంపమని రాసినాడు. వానలు మొదలైన ఒక ఆదివారం, భోజనం వేళకు వచ్చి దాన్ని తీసుకుపోతానని ఆమె ఫోను చేసింది.

ఆ ఆదివారం నేను పొద్దున ఉగ్గాని తినే వేళకు ఇల్లు చేరినాను. ముందర గదిలో ఎవరూ లేరు. పెరట్లో నీళ్ల చప్పుడైతే అటు పోయినాను. తొట్టి పక్కన మా యమ్మ పీట వేసుకొని, చీర మోకాళ్ల దాకా ఎగదోపుకొని, కాళ్లు బారజాపుకొని కూర్చోనుంది. పసిబిడ్డలకు నీళ్లు పోసేటప్పుడు కూర్చునే తీరు అది. నా పిల్లలిద్దరికీ ఆమే ఆ కాళ్ల మీద వేసుకొని పోసింది కాబట్టి దూరం నుంచే ఆనవాలు పట్టినాను. ఎవరింటి బిడ్డనో తెచ్చుకుంది అనుకుంటూ దగ్గరికి పోతే, ఆ కాళ్ల మీద బోర్లా పడుకొని విమానం ఉంది. ఒళ్లంతా సబ్బునురగ. మా యమ్మ ఎడమచేత్తో దాని ముక్కు పట్టుకొని, కుడిచేత్తో పాత పళ్లబ్రష్షుతో రెక్కల సందులు రుద్దుతా ఉంది. నా చేతిలో సంచి ఎప్పుడు జారిందో నాకు తెలీదు. ఆ తర్వాత నేల మీద నిమ్మకాయలు ఏరుకునేటప్పుడు తెలిసింది.

"అమ్మా... ఏం చేస్తాండావు?"

"వాడు క్షవరానికి పోయినాడు, వచ్చేటప్పుడు గాజుపెట్టె తెస్తాడంట" అంది తలెత్తకుండా. "దీన్ని కిందికి తెచ్చి బల్ల మీద పెట్టినాడు. సూస్తే నా కడుపు తరుక్కపోయింది. మసీ, నూనె, మన్నూ. ఇంటికొచ్చిన ఆడబిడ్డ చేతికి ఇట్లాది ఇస్తే ఏమనుకుంటాది? ఆ ఇంట్లో ఆడోళ్లు ల్యారా అనదా? ఏందో వెంట్రుక గూడా అంటుకోనుండె, పీకి పారేసినా." చెంబుతో మూడు మార్లు నీళ్లు పోసి, విమానాన్ని రెండు చేతులతో ఎండకు ఎత్తి పట్టింది. "సూడు, ఎట్ల తెల్లగొచ్చిందో!"

నిజమే, వెన్నముద్ద మాదిరి ఉంది. ఎండాకాలమంతా ఆయన ఒళ్లొంచి చేసిన పని కాలువలో నల్లగా పారి కరివేపాకు చెట్టు మొదట్లోకి పోతా ఉంది. అది మురికి కాదని చెప్పడానికి నోరు తెరిచినాను. గేటు చప్పుడైంది.

మామ గుండెకు గాజుపెట్టె ఆనించుకొని, కొత్త క్షవరంతో పెరట్లోకి వచ్చినాడు. చూసినాడు. పెట్టె ఎక్కడ పడేస్తాడో అని నేను ముందుకు పోయినాను గానీ ఆయన పడేయలేదు. చాలా నిదానంగా దాన్ని బండ మీద పెట్టి, పక్కన తానూ కూర్చున్నాడు. చెప్పులు విప్పి, మళ్లీ తొడుక్కొని, మళ్లీ విప్పినాడు.

"కడిగితివా అక్కా?"

"కడగకపోతే ఎట్లరా? శానా మురికి ఉండె."

"అది మురికి గాదక్కా. నేను పూసినా."

మా యమ్మ నా మొగం చూసింది. నేను తలూపినాను. "మురికిని పూసేదేందిరా అబ్బీ? యాడన్నా ఉంటాదా?" అంది. కానీ ఆ మాటలో బలం లేదు. తమ్ముని మొగం అట్లా తెల్లబోయి ఉండడం ఆమె చూసింది. కడగడం తప్పయిందని ఆమెకు పుట్టిన కాలం నుంచీ ఎవరూ చెప్పి ఉండరు. చేతిలో బ్రష్షును ఏం చెయ్యాలో తెలియక తొట్టిలో వేసి, మళ్లీ తీసి, కింద పెట్టింది. మామ నందికొట్కూరుకు ఫోను చేయమన్నాడు. చేసినాను. ఆమె కారు అప్పటికే నంద్యాల దాటింది. ఫోను పెట్టేసి ఆ సంగతి చెబితే, "ఆ పాపకు ఏం చూపీల్లనుకుంటినో అదంతా పాయ" అని రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

మా యమ్మ గబుక్కున లేచి లోపలికి పోయింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. కొంగు బిగించి, ఒక చేత్తో రొట్టెల పెనం, ఇంకో చేత్తో కాటుక భరిణె, ఆముదం సీసా పట్టుకొని వచ్చి తమ్ముని ఎదురుగా కూర్చుంది. పెనం అడుగున మసిని గోరుతో గీకింది. "తీసింది నేనే గదా. నేనే పెడతా. యాడ పెట్టల్లో చెప్పు" అంది.

నేను మిద్దె మీది నుంచి మామ రంగులు, కుంచెలు తెచ్చినాను. సుద్దపొడి అడుగంటి ఉంది, పెనం మసే గతి అయింది. వణికే చేత్తో కుంచె పట్టడం మామ వల్ల కాలేదు, కుంచెతో పని మా యమ్మ వల్ల కాలేదు. చిటికెన వేలే మేలని తేల్చుకుంది. బిడ్డ కంటికి కాటుక దిద్దిన వేలు అది. మామ చూపించిన చోట మసి పెట్టి, ఆయన చెప్పిన వైపు లాగేది. ఇంట్లో మరక కనపడితే ప్రాణం విలవిలలాడే మనిషి, నాలుక పంటికింద పెట్టుకొని, తెల్లటి రెక్కకు మసి పూస్తా ఉంటే నేను నమ్మలేక చూస్తా నిలబడినాను. "ఈడ నూనె కారిండె, కిందికి. ఆడ నిచ్చెన ఆనించేవాళ్లం, కొంచెం గీరుకోనుంటాది. శానా గాదు, శానా గాదక్కా, అదేం పొయ్యి గాదు." నడుమ ఇద్దరూ ఒకసారి నవ్వినారు కూడా. కుడి ఇంజను అయింది.

"ఎడమదానికి బాగా పెట్టు. ముందర నుంచీ పెట్టు" అన్నాడు మామ.

"మసి వెనక్కి పోతాదంటివి గదరా?"

"దీనికి మంటొచ్చిండె."

మా యమ్మ వేలు ఆగింది. మామ విమానాన్నే చూస్తూ చెప్పినాడు. "ఇంజను తిప్పేటప్పుడు. ఇప్పుడొచ్చే పాప వాళ్ల నాయన కిందనే నిలబడిండె, మంటలార్పే సిలిండరు పట్టుకొని. నేను వాని వెనక. లోపల పెట్రోలు కారి నిలిచుండాదని ఎవరికీ తెలీదు. గుప్పుమనె. నేను చెయ్యి పెట్టి వాన్ని బయటికి లాగితి. లాగితి గానీ అప్పటికే అయిపోయిండె. కొన్నాళ్లు ఆస్పత్రిలో ఉండె, ఆమీట పాయ."

మా యమ్మ విమానం మీది నుంచి చూపు తిప్పి ఆయన కుడిచేతిని చూసింది. ఆ చేతిని ఆమె ఎన్ని వేల సార్లు చూసి ఉంటుంది! ఆ పొద్దు కొత్తగా చూసింది. ఎవరో పిలిస్తే పలకబోయి, పిలిచినవాళ్లు కనపడక నిలిచిపోయినట్టు నోరు తెరుచుకొని ఉండిపోయింది.

"అయితే... చారు గాదా?"

"గాదక్కా."

"ఎందుకు చెప్పల్యా?"

"నువ్వప్పుడు నిండు చూలాలివి. ఈ పాప కడుపులో ఉండె" అని నా వైపు చెయ్యి చూపించినాడు. "చారు ఒలికిందని జాబు రాస్తి, పురుడయినాక చెప్తామనుకుంటి. నేను వచ్చేసరికి నువ్వు ఆ వంటోన్ని తిడ్తాంటివి. నాకు నవ్వొచ్చె. అంత పెద్ద మంటను నువ్వు చారు గిన్నెలోకి దించి పెట్టుకోనుంటివి. అట్లే ఉండనీలే అనుకుంటి."

నేను కూడా అక్కడే కూర్చున్నాను. నేను పుట్టినప్పటి నుంచీ మా ఇంట్లో నవ్వుకున్న మాట అది. నన్ను క్షేమంగా నేల మీద దించడం కోసం ఒక మనిషి కాలిన చేత్తో కట్టిన అబద్ధం అని తెలిసేసరికి ఎటు చూడాలో నాకు తోచలేదు. మా యమ్మ పెనం దగ్గరికి లాక్కొని, ఎడమ ఇంజనుకు ముందు నుంచి వెనక దాకా, రెక్క మీదికి కూడా, మసి పెట్టింది. కొలత మించింది. మామ చూసినాడు గానీ చాలు అనలేదు.

నందికొట్కూరు టీచరమ్మ భోజనాల వేళకు వచ్చింది. యాభైకి దగ్గర పడిన మనిషి, బడిలో పిల్లల్ని అదుపులో పెట్టే గొంతు, నిటారు నడక. విమానాన్ని గాజుపెట్టెలో పెట్టి ఇచ్చినాడు మామ. ఆమె బల్ల మీద పెట్టుకొని, వంగి, చుట్టూ తిరిగి చూసింది. ఎడమ వైపు ఆగింది. "ఈడ ఇంత నలుపేంది చిన్నాయనా?" అంది. మామ చెప్పినాడు. పొద్దున మాకు చెప్పినట్టే, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పినాడు.

ఆమె కుర్చీ లాక్కొని కూర్చొని, "అరిచినాడా?" అని అడిగింది.

మామ మా యమ్మ వైపు చూసినాడు. మళ్లీ ఆమె వైపు తిరిగి, "అరిచినాడు పాపా" అన్నాడు.

ఆమె తలూపింది. "నిద్రలో పోయినట్టు పోయినాడని చెప్పిరి నాకు. మా యమ్మ గూడా అదే చెప్పె. నేను నమ్మల్యా. నమ్మినట్టుంటి" అంది. ఆ బడిపంతులమ్మ గొంతు అప్పుడు విరిగింది. మా యమ్మ లేచి, మసి అంటిన చేత్తోనే ఆమె తలను తన కడుపుకు అదుముకుంది. ఆమె తెల్లచీర భుజం మీద నాలుగు వేళ్లు నల్లగా పడినాయి. ఎవరూ తుడవలేదు. పోయేటప్పుడు కారులో పెట్టెను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. మా యమ్మ కిటికీ దగ్గర వంగి, "దుమ్ము పడినా తుడవొద్దమ్మా" అని చెప్పింది.

ఆ తర్వాత మా యమ్మ మామతో మాట్లాడటం మానేసింది. కంచంలో వడ్డించేది, మాట మాత్రం లేదు. ఎదుటి మనిషిని కొట్టలేక, ఏడవలేక పడే కోపం అది. మామ దొంగతనం బయటపడిన పిల్లోని మాదిరి ఇంట్లో చప్పుడు లేకుండా తిరిగేవాడు. ఆ మరుసటి ఆదివారం నేను పోయేసరికి ఆమె మాటలు మొదలుపెట్టింది. కానీ అవన్నీ ప్రశ్నలే. కూరగాయలు తరుగుతా తరుగుతా నిలిపి, "ఆస్పత్రిలో నీకు అన్నం ఎవరు పెట్టిరి?" అనేది. "ఆ చేత్తో ఎట్ల తింటివి?" "రాత్రిళ్లు నిద్ర పట్టెనా?" "పక్కన మన భాష మాట్లాడేవాళ్లు ఎవరన్నా ఉండిరా?" ఆయన బుద్ధిగా ఒక్కోదానికి జవాబు చెప్పేవాడు. ఆమె విని, ముక్కు చీది, మళ్లీ కత్తిపీట పట్టుకునేది. అన్నం సరిగా తినడం లేదని, మనిషి చిక్కిందని పక్కింటామె నాతో చెప్పింది. నిజంగానే మా యమ్మ కళ్ల కింద లోతు పడింది.

ఒకసారి మామ తట్టుకోలేక, "ఎప్పుడో జరిగిపాయ గదక్కా, ఎన్నేండ్లాయె, ఇప్పుడెందుకు ఇదంతా?" అన్నాడు.

"నీకు ఏండ్లాయె" అంది మా యమ్మ. "నాకు మొన్న ఆదివారమే గదరా."

కాలం అందరికీ ఒకే లెక్కన గడుస్తుందని నేను అప్పటిదాకా అనుకునేదాన్ని. ఒకే కడుపున పుట్టి, ఒకే కప్పు కింద కూర్చున్న ఇద్దరికి కూడా అది ఒకే రోజు కాదని ఆ వంటింటి వాకిట్లో నిలబడి తెలుసుకున్నాను.